రెండు ఏడుల నంబరు

పోయిన మంగళవారం మా ఊరి చిన్న దవాఖానలో కౌంటర్ ముందు నిలబడ్డాను. పిత్తాశయంలో రాళ్లున్నాయని డాక్టరమ్మ చెప్పింది. వాటిని తీయాలంటే ముందు బీమా కార్డు మీద అనుమతి రావాలి. కౌంటర్‌లో కూర్చునే కొత్తామె నా వేళ్లు ఒక్కొక్కటే మిషను మీద పెట్టించింది. పది వేళ్లూ అయిపోయాయి. మిషను ఒక్కదాన్నీ గుర్తుపట్టలేదు. నలభై ఏండ్లు బీడీలు చుట్టిన వేళ్లు ఇవి. వాటి గీతలన్నీ ఎప్పుడో తునికాకుకే ఇచ్చేశాను.

“ఫికర్ లేదవ్వా, ఫోన్‌కు ఓటీపీ పంపిన. అచ్చిన నంబరు చెప్పు,” అన్నదామె.

నా ఫోను నా కొంగులోనే ఉన్నది. అది మోగలేదు.

“ఆఖరున రెండు ఏడులున్న నంబరుకు పోయింది. నీది గాదా?”

నాది కాదు, చచ్చిపోయినాయనదని చెప్పాను. ఆ నంబరు మనిషి పోయిన నెల చెన్నూరులో చనిపోయాడు. వాళ్ల బావమరిది కూరగాయల అంగట్లో కనబడి చెప్పాడు. ఆ రోజు నేను కొన్న వంకాయలు అక్కడే మరిచిపోయి ఇంటికొచ్చాను.

“చచ్చిపోయినోని నంబరు ఎందుకుంచుకున్నవే అవ్వా? మారుద్దాం తియ్యి. కని మార్చాలన్నా ముందుగాల పాత నంబరుకే ఓటీపీ పోతది. అది చెప్తెనే మారుతది. ఇప్పుడు పంపుతున్న సూడు, పది నిమిషాలే ఉంటది. వాళ్లింట్ల ఎవలన్న ఉంటె అడుగు.”

నేను పక్కన బల్ల మీద కూలబడ్డాను. ఎదురుగా గోడ గడియారం ఉంది. ఆ నంబరు నాకు కండ్లు మూసుకున్నా వచ్చు. కాని మూడేండ్లుగా నా వేలు ఆ అంకెల మీదికి పోలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఊళ్లో అందరూ సాబ్ అనేవాళ్లు, నేనూ అట్లాగే అంటాను. నేను అక్షరాలు నేర్చింది అరవై దాటినంక. నా రాత మొరటుగా ఉంటుంది. ఒక్కటే అలవాటున్నది నాకు, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. అందుకని ముందే చెప్తున్నాను. ఆయన కుర్చీ పోయింది నా నోటి వల్ల.

*

బీడీల పని చేతగాక నేను ఆ దవాఖానలో ఆయాగా చేరినప్పుడు ఆయన కౌంటర్‌లో ఉన్నాడు. ఆరు మంచాల దవాఖాన. ఒక డాక్టరమ్మ, ఇద్దరు నర్సులు. కుర్చీకి ఒక చెయ్యి విరిగి ఉండేది, అందుకని ఆయన ఎప్పుడూ ఓ పక్కకు ఒరిగి కూర్చునేవాడు. జేబులో మూడు పెన్నులుండేవి, రాసేది ఒక్కటే. మిగతా రెండూ ఎందుకంటే, “అడిగినోళ్లకు ఇయ్యనీకె. రాయకపోతె వాళ్లే వాపస్ ఇస్తరు,” అనేవాడు. సోంపు నములుతూ ఉండేవాడు. కంప్యూటర్‌లో కాయితం పంపే మీట నొక్కే ముందు మాత్రం నమలడం ఆపి, పెదవుల మధ్య బిస్మిల్లా అనుకునేవాడు. అనుమతి వస్తే “పాస్!” అని అరిచేవాడు, పదో తరగతి ఫలితాలు వచ్చినట్టు. తిరిగొస్తే, “గీ కంపూటర్‌కు అత్తగారిల్లు లేదవ్వా. గందుకే మర్యాద తెల్వది,” అనేవాడు.

బీమా కంపెనీ జాబితాలో మా దవాఖానను ఎక్కించింది ఆయనే. పైసలు నేరుగా డాక్టరమ్మ ఖాతాలో పడాలని కొట్టేసిన చెక్కు పంపమన్నారట. పంపితే సంతకం సరిగా లేదన్నారు. మళ్లీ పంపితే ఫొటో మసకగా ఉన్నదన్నారు. ఆయన ఆ చెక్కును నాలుగుసార్లు పంపాడు. విసుక్కోలేదు. పెళ్లి సంబంధం కుదిర్చేవాడు తిరిగినట్టు తిరిగాడు.

ఫోన్‌తో పైసలిస్తే ఎంత వచ్చిందో అరిచి చెప్పే డబ్బా ఒకటి కౌంటర్ మీద ఉండేది. ఒకనాడు ఒక మగ్గాలాయన బిల్లులో సగానికి సగం తగ్గించమని డాక్టరమ్మను చాటుగా బతిమిలాడుకుని, ఒప్పించుకుని, ఫోన్‌తో కట్టాడు. డబ్బా గట్టిగా లెక్క చెప్పింది. వరసలో ఉన్నవాళ్లంతా ఆయన మొహం చూశారు. ఆ మనిషి తల దించుకుని పోయాడు. మరునాటి నుంచి ఆ డబ్బాకు సాబ్ తన చేతిరుమాలు మడిచి కట్టాడు.

“గిదేందయ్యా, డబ్బకు జొరమొచ్చిందా?” అన్నాను.

“నోరు కట్టిన అవ్వా. ఎవలెంతిచ్చిండ్రో ఊరికెందుకు? ఇచ్చేటోని ఇజ్జత్ వానికుంటది.”

రుమాలు లోపల నుంచి ఆ డబ్బా గొణిగేది. ఆయన చెవి వంచి వినేవాడు.

కార్డుల నమోదుకు వచ్చే ఆడవాళ్లతో ఆయన ముచ్చట వినాలంటే నేను తుడిచిన చోటే మళ్లీ తుడిచేదాన్ని.

“ఇంట్ల ఏమని పిలుస్తరు?”

“పోశవ్వ.”

“ఆధార్ల?”

“పోచమ్మ.”

“రేషన్ కార్డుల?”

“ఏమో సాబూ, రాసినోళ్లకే ఎరుక.”

“నువ్వెవలో నాకెరుకే. గీ మిషన్‌కు ఎరుక లేదు. దానికి ఎరుక జెయ్యాలె, జర ఓపిక వట్టు.”

తర్వాత వేలు. మా వాడల్లో ఆడవాళ్లంతా బీడీలు చుట్టేవాళ్లే. ఆకు కత్తిరించి, చుట్టి, మూతి మలిచి, మలిచి వేలికొనలు గాజులా నున్నగా అయిపోతాయి. ఆయన ముందు వెచ్చని చాయ్ గ్లాసు పట్టుకోమనేవాడు. కాకపోతే వేలు నెత్తికి రుద్దుకోమనేవాడు, జుట్టులోని నూనె అంటితే ఒక్కోసారి మిషను పట్టేది. నూనె పెట్టుకోని వాళ్ల కోసం బల్ల కింద కొబ్బరినూనె సీసా దాచాడు. అదీ కాకపోతే మిగిలింది ఫోనుకు వచ్చే నంబరు ఒక్కటే. ఆడవాళ్ల దగ్గర ఫోనెక్కడిది? ఉన్న ఒక్క ఫోనూ మొగుడి జేబులో ఉంటుంది. ఆ మొగుడు దుబాయ్‌లో ఉంటాడు, లేదా కల్లు దుకాణంలో ఉంటాడు.

“రెండు తొవ్వలున్నయవ్వా. ఏలు ఒకటి, ఫోను ఒకటి. ఏలు అరిగింది, ఫోను లేదు. ఇగ మూడో తొవ్వ నేనే,” అని తన నంబరు రాసేవాడు.

ఒకరికి రాశాడు. తర్వాత ఆమె చెల్లెకు రాశాడు. ఆ తర్వాత వాడకు వాడే వచ్చింది. ఎవరి కార్డుకు వాళ్ల నంబరే ఉండాలన్నది కంపెనీ నియమం. అది ఆయనకు తెలియక కాదు.

“కొడుకా, అందరి మూటలు నీ నెత్తి మీద వెట్టుకుంటున్నవ్. మెడ ఇరుగుతది సూడు,” అన్నాను.

“మూటలు గావవ్వా, మెసేజ్‌లు. బరువుండయ్.”

నాకు చదువు చెప్పిందీ ఆయనే. జీతం కాయితం మీద నేను వేలు వేస్తుంటే ఒకనాడు ఇంకు డబ్బా లాగేసుకున్నాడు. “ఏలుముద్ర అరుగుతదవ్వా. అంకె అరగది. నేర్వు,” అన్నాడు. మందుల అట్టడబ్బా చింపి, దాని మీద తన ఫోన్ నంబరే పెద్దగా రాసిచ్చాడు. నేను బతుకులో మొదట చదివింది ఆ నంబరు. ఆరుకు, తొమ్మిదికి తేడా తెలియక నెల రోజులు తన్లాడాను. “ఆరుకు కడుపు కింద. తొమ్మిదికి తలకాయ మీద. నువ్వు ఆరు, నేను తొమ్మిది,” అన్నాడు. నా పొట్ట చూసి నర్సులు నవ్వారు. చీపురు తిప్పి కొట్టబోతే బల్ల చాటుకు పోయాడు.

కొత్త చదువు నోట్లో ఆగదు. బస్సు మీద నంబరు, గోడ మీద నంబరు, క్యాలెండర్, తూకం రాయి, ఏది కనబడితే అది పైకి చదివేదాన్ని. అక్షరాలు తర్వాత వచ్చాయి. అంకెల రుచి ముందు మరిగాను.

*

తనిఖీ సారు హైదరాబాద్ నుంచి వచ్చిన రోజు పొద్దున్నే ఒక బీడీలామెను ఆటోలో తెచ్చారు. ఇద్దరు పిల్లల తల్లి. కుడి పక్క కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసి, “అపెండిక్స్. ఇయ్యాల్లనే తియ్యాలె. కరీంనగర్ పంపితె తొవ్వల్నే పగులుతది,” అన్నది. అనుమతి రాకుండా కోస్తే కంపెనీ ఇవ్వదు. ఆమె దగ్గర పైసలు లేవు. డాక్టరమ్మ మంచిదే, కాని ఉత్తగా కోసేంత మంచిది కాదు. మందులకూ మత్తు డాక్టరుకూ తనే పెట్టుకోవాలి మరి.

ఆ ఆడామె వేళ్లు పడలేదు. చాయ్ గ్లాసు అయింది, నూనె అయింది. నొప్పితో ఆమె చెయ్యి మిషను మీద నిలువనే లేదు. ఆమె కార్డుకూ సాబ్ నంబరే ఉన్నది. ఆయన కాయితాలన్నీ ఎక్కించి, ఇంకొక్క మీట నొక్కితే ఓటీపీ వస్తుందనగా తనిఖీ సారు లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచి. కౌంటర్‌కు ఇవతల కూర్చుని సంచిలో నుంచి ఒక కాయితం తీసి బల్ల మీద పెట్టాడు.

“ఈ ఆసుపత్రిలో నమోదైన కార్డులు ఇవి. ఒకే ఫోన్ నంబరు పేజీ నిండా ఉంది. ఇది ఎవరిది? బ్రోకరుదా?”

సాబ్ సోంపు నమలడం ఆపాడు. “సార్, చెప్త. లోపల ఒకామె పరేషాన్ల ఉన్నది. జర గా పని...”

“ముందు దీనికి జవాబు చెప్పండి.”

నేను చాయ్ తెచ్చాను. గ్లాసు పెడుతుంటే కాయితం కండ్లబడింది. పై నుంచి కింది దాకా ఒకే నంబరు, వరసగా. నాకు తెలిసిన నంబరు! చుట్టాన్ని చూసినట్టు సంబరమైంది. వేలు పెట్టి మొదటి అంకె నుంచి ఆఖరి రెండు ఏడుల దాకా పైకి చదివాను. చదివి ఊరుకున్నానా?

“గిది మన సాబ్‌ది గాదె!” అన్నాను.

సాబ్ నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నదో లేదో అప్పుడు నాకు తెలియలేదు. తనిఖీ సారు పెన్ను తీశాడు.

“మీ ఫోను ఇటివ్వండి.”

సాబ్ ఇచ్చాడు. ఇస్తూనే ఎడమ చేత్తో మీట నొక్కాడు. పెదవులు కదిలాయి. సారు చేతిలో ఫోను గణగణమని రెండుసార్లు మోగింది.

“ఇదేంటి?”

“లోపల పండుకున్నామెది సార్. అనుమతి నంబరు. పది నిమిషాలే ఉంటది. జర చదువుండ్రి, ఎక్కిస్త. నా సంగతి అటెనుక ఎంతన్న రాసుకోండ్రి.”

“నేను చదివితే ఈ తప్పులో నాకూ భాగం ఉన్నట్టవుతుంది.”

“అయితె ఫోను ఇయ్యండ్రి.”

“ఇవ్వలేను. ఇది సాక్ష్యం.”

లోపలి నుంచి ఆమె అరుపు వినిపించింది. డాక్టరమ్మ గ్లౌజులతోనే తలుపు దగ్గరికి వచ్చి, “అచ్చిందా?” అన్నది. సారు ఫోనును తన ముందు బల్ల మీద పెట్టుకున్నాడు. ఇవ్వనూ లేదు, దాచనూ లేదు. తెర వెలుగుతూ ఉంది.

“అవ్వా,” అన్నాడు సాబ్. గొంతు మామూలుగానే ఉన్నది. “నువ్వు చదువు.”

ఇప్పుడే ఈ నోటితో ఒక ఇల్లు కూల్చాను. మళ్లీ అదే నోటితో చదవాలి. బల్ల మీదికి వంగి ఒక్కొక్క అంకే చెప్పాను. ఆయన కొట్టాడు. కంప్యూటర్ ఎర్ర గీత చూపించింది.

“తప్పన్నది అవ్వా.”

“నేను సక్కగనే సదివినయ్యా!”

“సారు ముందట ఉన్నదది. నీకు తలకిందులు. సారు పక్కకు పోయి నిలబడు. తొందరేం లేదు.”

తొందర లేకపోవడమేమిటి! లోపల ఆమె అరుపు ఆగిపోయింది. అరుపు కంటే ఆ ఆగడం భయం పుట్టించింది. నేను బల్ల చుట్టూ తిరిగి పోయాను. సారు కుర్చీకీ గోడకూ సందు లేదు. ఒక్క క్షణం ఆయన కదలలేదు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తెర ఆరిపోతుంటే తన వేలితో తట్టి వెలిగించాడు. మొహం మాత్రం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

కడుపు కింద ఉంటే ఆరు. తలకాయ మీద ఉంటే తొమ్మిది. ఆరు అంకెలూ గొంతు చించుకుని చదివాను. సాబ్ కొట్టాడు. చక్రం తిరిగింది. తిరిగి తిరిగి ఆగింది.

“పాస్,” అన్నాడు. అరవలేదు. మెల్లగా అన్నాడు.

ఆమె బతికింది. ఇప్పటికీ బీడీలు చుడుతున్నది. ఆనాడు కౌంటర్ దగ్గర ఏం జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సారు రాసుకుని పోయాడు. వారం లోపల కంపెనీ నుంచి కాయితం వచ్చింది. ఈ మనిషి ఉంటే దవాఖాన జాబితాలో ఉండదన్నారు. “నేనేం జెయ్యాలె అవ్వా,” అని డాక్టరమ్మ నన్నడిగింది. నన్నెందుకు అడగడం? సాబ్ హెల్మెట్ తీసుకున్నాడు. మూడు పెన్నులు జేబులో సర్దుకున్నాడు. డబ్బాకు కట్టిన రుమాలు విప్పి మడుచుకున్నాడు. నేను తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డాను. నన్ను దాటి పోయాడు. మరునాడు ఆ డబ్బా ఊరంతా వినేటట్టు అరవడం మొదలుపెట్టింది.

కార్డులున్న వాళ్లందరూ నంబర్లు మార్చుకోవాలన్నారు. మార్చాలంటే పాత నంబరుకు ఓటీపీ పోతుంది కదా. అత్తగారి ఊరు చెన్నూరుకు మకాం మార్చిన ఆయనకు వాడ వాడంతా ఫోన్లు చేసింది. ఆయన ఓపికగా అందరికీ చెప్పాడట. నా కార్డుకూ ఆయన నంబరే ఉన్నది. నేను ఒక్కదాన్నే చేయలేదు. ఏ మొహంతో చేయాలి? కార్డు లేకున్నా పాయె అనుకున్నాను.

ఒక్కసారి మాత్రం కనబడ్డాడు. మా అక్క మనవరాలి పెళ్లికి పోతుంటే బస్సు చెన్నూరులో ఆగింది. రోడ్డు పక్కన చిన్న రీచార్జి దుకాణం. ఓ ముసలాయన ఫోను పట్టుకుని సాబ్ ఏదో చెప్తున్నాడు, చేయి లేని కుర్చీలో కూర్చున్నట్టు ఓ పక్కకు ఒరిగి. కుర్చీకి రెండు చేతులూ ఉన్నాయి. నేను కొంగు మొహం మీదికి లాక్కున్నాను. బస్సు కదిలిందాకా తీయలేదు.

*

గడియారంలో ఆరు నిమిషాలు పోయాయి. కౌంటర్‌లో ఆమె నా వైపే చూస్తున్నది. “చేస్తున్నవా అవ్వా?”

కొంగులో నుంచి ఫోను తీశాను. అంకెలు ఒక్కొక్కటే నొక్కాను. ఆఖరున రెండు ఏడులు. మోగుతున్నంత సేపూ ఎవరూ ఎత్తకుంటే బాగుండు అనుకున్నాను.

ఎత్తారు. ఆడ గొంతు. “హలో... అవ్వనా?”

నేనింకా ఏమీ అననే లేదు.

“ఫోన్ల అవ్వ అని అచ్చింది. నంబర్ చదివిన అవ్వ మీరేనా?”

“నేనే బిడ్డా. నేనే చదివిన. నా నోరు పడిపోను, నా వల్లనే నీ మొగని కొలువు...”

“అయ్యో, గట్లంటరేంది? ఆయన దుకాన్ల కూసున్నోళ్లందరికీ చెప్పెటోడు. నేను నేర్పిన అవ్వ, హైదరాబాద్ సారు ముందట, ఒక్క అంకె తప్పకుంట చదివిందని. ఎన్నిసార్లు ఇన్ననో. పిల్లలు ఆయన చెప్పినట్టే చెప్పి నవ్వెటోళ్లు.”

ఒక్క అంకె తప్పకుండానట. మొదటిసారి తలకిందులు చదివిన సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదన్న మాట.

“అవ్వా, ఇందాక రెండు మెసేజ్‌లచ్చినయ్. మీ పేరున్నది. నాకు నంబరెక్కడ వెతకాల్నో సమజ్ కాలే, మీరే జేసిండ్రు. ఆయన జెప్పిపోయిండు. అందరివీ మారినయ్, ఒక్క అవ్వది మిగిలింది, ఎప్పటికన్న ఆమె చేస్తది, గప్పటిదాక సిమ్ము బంద్ చెయ్యకు అన్నడు. మంచంల ఉన్నప్పుడు గూడ దానికి రీచార్జి ఏపిచ్చిండు. రాసుకుంటరా, చెప్పనా?”

కౌంటర్ మీద పెన్ను తీసుకున్నాను. అది రాయలేదు. కౌంటర్‌లో ఆమె ఇంకొకటి ఇచ్చింది. చెన్నూరు నుంచి అంకెలు ఒక్కొక్కటే వచ్చాయి. అరచేతిలో రాసుకున్నాను. చదువుతుంటే కౌంటర్‌లో ఆమె తల అడ్డంగా ఊపింది.

“టైం అయిపోయిందవ్వా, ముచ్చట వెట్టినవ్ గద. మళ్ల పంపుతున్న.”

ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాను. అవతల, ఆయన ఇంట్లో, ఆయన ఫోను గణగణమని రెండుసార్లు మోగింది. ఆ మోత నాకు ఎరుకే.

ఆమె మళ్లీ చదివింది. నేను మళ్లీ రాశాను. ఈసారి ఆలస్యం చేయలేదు. కౌంటర్‌లో ఆమె మీట నొక్కి కంప్యూటర్ తెరను నా వైపు తిప్పింది. “అయిపోయింది. సూసుకో, నీ నంబరేనా?” నా పేరు పక్కన నా నంబరు ఉన్నది. వేలు పెట్టి మొదటి నుంచి ఆఖరి దాకా చదువుకున్నాను. అన్నీ సరిగానే ఉన్నాయి. రెండు ఏడులు లేవు.

“అయ్యిందా అవ్వా?” అన్నది చెన్నూరు గొంతు. “ఇగ సిమ్ము బంద్ చెయ్యమంటరా?”

తెర ఇంకా నా ముందరే వెలుగుతున్నది.

“ఇంకా కాలే బిడ్డా,” అన్నాను.